పన్నెండు ఆకులు, ఒక్క పంక్తి

ప్రశ్న: మాది విజయనగరం. నేనూ మా వారూ ప్రైవేటు బడిలో ఉపాధ్యాయులం. అద్దె ఇంట్లో కింది వాటా, రెండు గదులు, ముందు ఇరవై అడుగుల పొడవున వరండా. ఏటా సంక్రాంతికి రాజాం దగ్గర అత్తవారి ఊరు వెళ్లేవాళ్లం. ఈసారి అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయి మా దగ్గరే ఉన్నారు. అందుకని మామగారు, బావగారు, తోటికోడలు, వాళ్ల ఇద్దరు పిల్లలు, హైదరాబాద్ నుంచి ఆడపడుచు, అన్నయ్యగారు, వాళ్ల బాబు అందరూ మా ఇంటికే వస్తున్నారు. మా ముగ్గురితో కలిపి పన్నెండు మందిమి. ఇంతమందికి ఒక్కచేతి మీద ఎప్పుడూ వండలేదు. పండుగ భోజనానికి మూడున్నర వేలు దాటకూడదని అనుకున్నాం. ఆడపడుచు ఫోనులో అలంకరించిన డైనింగ్ టేబుళ్ల ఫొటోలు పంపించి, "వదినా, ఈసారి ఇలా పెడదాం" అంటోంది. మా బల్ల నలుగురికే సరిపోతుంది. అత్తగారు నేల మీద కూర్చోలేరు. అన్నయ్యగారిని కూర్చోబెడితే ఆయన ఏమనుకుంటారో అని భయం. ఏం వండాలి, ఎలా అలంకరించాలి? అంతా బయట చెప్పేయడమే నయమా?

జవాబు: బయట చెప్పకండి. రుచి మాట అలా ఉంచినా, సంక్రాంతి నాడు ముందు పెద్దలకు పెట్టుకున్నాకే కదా మనం తినేది. ఆ వంట ఇంట్లో ఎలాగూ చేయాలి. దాన్నే కాస్త పెంచితే పన్నెండు మందికి సరిపోతుంది. రెండు వంటలకు రెండు ఖర్చులు దేనికి?

మీ ఉత్తరంలో ఏం వండాలని ఉంది, ఎలా అలంకరించాలని ఉంది, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలని ఉంది. మీరు ఎప్పుడు తింటారన్నది మాత్రం ఎక్కడా లేదు. పండుగ పూట ఇంటి కోడలు అందరికీ వడ్డించి, మూడు గంటలకు వంటగదిలో గిన్నె అడుగున మిగిలిన పులిహోర తినడం మన ఇళ్లలో ఎంత మామూలు అయిపోయిందంటే, ప్రశ్న అడిగేటప్పుడు కూడా మీకు అది గుర్తుకు రాలేదు. నేను చెప్పేదంతా ఒక్క లెక్క మీద చెబుతున్నాను. పన్నెండు ఆకులూ ఒకేసారి వేయాలి, అందులో ఒకటి మీదై ఉండాలి. దానికి అడ్డం వచ్చే వంటకాన్ని తీసేయండి, అడ్డం వచ్చే అలంకారాన్నీ తీసేయండి.

ముందు కూర్చునే సంగతి చూద్దాం, మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మీ నలుగురి బల్లను మరిచిపోండి. దాని మీద పెద్దవాళ్లను కూర్చోబెడితే మిగతావాళ్లు రెండో పంక్తి అవుతారు, రెండో పంక్తి అంటే ఎవరో మీకు తెలుసు. ఇరవై అడుగుల వరండా ఉండగా ఆ ఇబ్బంది మీకు ఎందుకు? దగ్గర్లోని టెంట్ హౌస్‌లో పంక్తి భోజనాల సన్న బల్లలు, ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉండేవి మూడు అద్దెకు తీసుకోండి. ధనుర్మాసంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి వాళ్ల దగ్గర బల్లలు, కుర్చీలు ఖాళీగానే పడి ఉంటాయి. ధైర్యంగా బేరం ఆడండి. భోగి నాటి సాయంత్రమే తెచ్చి దించమనండి, పండుగ ఉదయం వాళ్లు ఫోను ఎత్తరు.

మూడు బల్లలూ గోడ వారగా వరసగా వేస్తే పద్దెనిమిది అడుగులు. మనిషికి రెండడుగుల చొప్పున తొమ్మిది చోట్లు. పెద్దవాళ్లు మీతో కలిపి ఎనిమిది మంది. వంటగది వైపున్న తొమ్మిదో చోటు గిన్నెలకు. అందరూ గోడకు వీపు పెట్టి వాకిట్లో ముగ్గు వైపు చూస్తూ కూర్చుంటారు, వడ్డించేవాళ్లు ఎదురుగా నడుస్తారు. పిల్లలు నలుగురికీ ఎదురుగా చాప పరిచి పీటలు వేయండి. వాళ్లకు నేలే ఇష్టం, పారబోసుకున్నా తుడుచుకోవడం సులువు. అత్తగారికి మాత్రం చేతులున్న గట్టి కుర్చీ, గది గుమ్మానికి దగ్గరి చివరన వేయండి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు లోతుగా కుంగే ప్లాస్టిక్ కుర్చీ నరకం. లేవాలంటే చేతుల మీద బరువు వేసే వీలుండాలి.

అన్నయ్యగారి గురించి మీ భయం అర్థమైంది కానీ, అందరూ ఒకే వరసలో కూర్చున్న చోట చిన్నతనం అన్న మాట ఎక్కడి నుంచి వస్తుంది? ఆయనకు ఒక్కరికే విడిగా బల్ల వేస్తే ఇబ్బందిపడేది ఆయనే.

ఇక వంట. మీరు ఉత్తరం చివర రాసుకున్న పద్నాలుగు రకాల జాబితా చూశాను. రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు మీద, ఒక మనిషి చేసే పని కాదది. ఎనిమిది చాలు: ముద్దపప్పు, ఆవ పెట్టిన పులిహోర, చిక్కుడుకాయ కూర, గుమ్మడికాయ ముక్కల పులుసు, గారెలు, అల్లం పచ్చడి, బూరెలు, పెరుగు. పరమాన్నం నైవేద్యానికి చిన్న గిన్నెడు చేయండి. పాలల్లో బియ్యం ఉడికాక దించి, కాస్త చల్లారనిచ్చి బెల్లం కలపండి, మరుగుతుండగా వేస్తే పాలు విరుగుతాయి. అరిసెలు, పాకుండలు మీరు తలపెట్టవద్దు. పల్లె నుంచి వచ్చే తోటికోడలు ఎలాగూ డబ్బా నిండా తెస్తారు. తీసుకువచ్చేటప్పుడు గుమ్మడికాయ, పెరటి చిక్కుడుకాయలు, పదిహేను అరటాకులు కూడా తెమ్మని ఇప్పుడే ఫోను చేయండి. "ఏమైనా తేవాలా?" అని ఆవిడ అడిగితే "ఏమీ వద్దక్కా" అనే మర్యాద ఈసారికి మానుకోండి.

కొలతలు చెబుతాను. పులిహోర, గారెలు, బూరెలు ఉన్న రోజున తెల్లన్నం తక్కువే చెల్లుతుంది. పులిహోరకు అరకిలో, అన్నానికి కిలో బియ్యం సరిపోతాయి. కందిపప్పు మూడు వందల గ్రాములు. గారెలకు అరకిలో మినప్పప్పు వేస్తే ముప్పై దాకా వస్తాయి. బూరెలకు అరకిలో శనగపప్పు, అరకిలో బెల్లం. పైపిండికి గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యం. పులిహోరలో జీడిపప్పు వేయాలని ఉంటే పలాస గుండ్లు అక్కర్లేదు, బద్దలు కొనండి. అవీ వద్దనుకుంటే వేరుశనగ గుళ్లు ఉండనే ఉన్నాయి, నా మటుకు పులిహోరలో అవే బాగుంటాయి.

పండుగ నాటి వంటలో సగం భోగి నాడే అయిపోవాలి. అల్లం పచ్చడి అంతకు ముందు రోజే నూరి పెట్టుకోవచ్చు. భోగి మధ్యాహ్నం చింతపండు గుజ్జు ఉడికించి నూనె తేలేదాకా దగ్గర పడనివ్వండి. సాయంత్రం శనగపప్పు ఉడికించి, బెల్లం వేసి పూర్ణం ఉండలు చుట్టి మూత పెట్టండి. జనవరి చలిలో రాత్రికి రాత్రి ఏమీ కాదు. పప్పు వేళ్ల మధ్య నలిగితే చాలు, మెత్తగా పేస్టు కానివ్వకండి. నీళ్లు పూర్తిగా వార్చాలి, తడి మిగిలితే బూరె నూనెలో పగిలి మూకుడంతా నల్లబడుతుంది. వార్చిన ఆ కట్టును పారబోయవద్దు. ఫ్రిజ్‌లో పెడితే పండుగ రాత్రికి కట్టు చారు అవుతుంది. పిండివంటలు తిన్న కడుపుకు ఆ రాత్రి చారన్నమే దిక్కు.

పడుకునే ముందు మినప్పప్పు, పైపిండి బియ్యం నానబోయండి. ఉదయం ఆరింటికి లేచి ముందు పైపిండి రుబ్బండి, తర్వాత గారెల పిండి. గారెల పిండిలో నీళ్లు చిలకరించడమే తప్ప పోయకూడదు. తెల్లవారుజామున మూడింటికే రుబ్బేసి నిశ్చింతగా ఉందామని అనుకోకండి. పిండి పులిసి జారైతే గారె నూనె తాగేస్తుంది. రుబ్బిన పిండిలో ఉప్పు కూడా వేయబోయే ముందే కలపండి.

తర్వాత వరస ఇది. ఒక పొయ్యి మీద కుక్కరులో పప్పు, దాని తర్వాత అన్నం. రెండో పొయ్యి మీద పులుసు, కూర, ఆ తర్వాత మూకుడు. పులిహోర అన్నం అన్నిటికన్నా ముందే వండి పళ్లెంలో ఆరబోసి గుజ్జు కలపండి, ఎంత నానితే అంత బాగుంటుంది. ఆవపిండి మాత్రం అన్నం పూర్తిగా చల్లారాకే. ఆవ ఘాటు వేడికి నిలవదు. వేడి అన్నంలో కలిపి, ఘాటు రాలేదని ఇంకో చెంచా వేసి, చివరికి చేదు చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ముక్కల పులుసులో గుమ్మడికాయ, చిలగడదుంప, ములక్కాడ వేసి, మన వైపు పద్ధతిలో బెల్లం కాస్త ఎక్కువే వేయండి. హైదరాబాద్ నీళ్లు తాగి వచ్చిన ఆడపడుచుకు పుట్టింటి రుచి అదే కదా.

చిక్కంతా గారెల దగ్గర ఉంది. వేడిగా పడాలంటే ఎవరో ఒకరు పొయ్యి దగ్గరే నిలబడాలి, ఆ ఒకరు మీరే అవుతారు. దీనికి ఒక మార్గముంది. నైవేద్యానికి కావలసినవి పూర్తిగా వేయించాక, మిగతావి లేత రంగు రాగానే తీసి విడిగా పెట్టండి. అందరూ కాళ్లు కడుక్కుంటుండగా నూనె బాగా కాచి, ఎనిమిదేసి చొప్పున మళ్లీ వేస్తే నిమిషం, నిమిషంన్నరలో ఎర్రగా, కరకరలాడుతూ వస్తాయి. నాలుగు వాయిల్లో పని ముగుస్తుంది. పొయ్యి కట్టేసి, చెయ్యి కడుక్కుని వచ్చి మీ ఆకు ముందు కూర్చోండి. ఉప్పు, పచ్చడి, కూర, పప్పు, పులిహోర, బూరె ముందే ఆకుల్లో వడ్డించి ఉంటాయి. పులుసు, నెయ్యి, మారు వడ్డనలు మీ వారి పని, బావగారి పని. వాళ్లు తమ ఆకుల దగ్గర నుంచి రెండు సార్లు లేస్తే పోయేదేమీ లేదు. అత్తగారు ఏమంటారో అంటారా? ఈ మాట ముందు రోజే మీ వారి చేత చెప్పించండి, మీరు చెప్పకండి.

పెద్దలకు పెట్టుకోవడం అయ్యేసరికి పన్నెండు దాటుతుంది. అంతవరకూ పిల్లలు ఆగరు. రేగుపళ్లు, చెరుకు ముక్కలు, ఉడికించిన చిలగడదుంపలు వాళ్లకు అందేలా పెట్టండి.

ఇక ఆడపడుచు ఫొటోలు. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు, కాదని గెలవలేరు. గెలవాల్సిన పని కూడా లేదు. అలంకారం బాధ్యత మొత్తం ఆవిడకే అప్పగించండి. పండుగ ముందు రోజు ఎలాగూ వచ్చేస్తుంది. మూడున్నర వేలలో ఐదు వందలు ఆవిడ చేతిలో పెట్టి, మూడే షరతులు చెప్పండి: ఎదుటివాళ్ల ముఖానికి అడ్డం వచ్చేంత ఎత్తున ఏదీ ఉండకూడదు, అన్నం వాసనను మింగే అగరుబత్తి గానీ, అత్తరు గానీ బల్ల దగ్గర ఉండకూడదు, ఆకులోకి రాలేది ఏదీ ఉండకూడదు. కొవ్వొత్తులు ఈ షరతుల దాకా కూడా రావు. మిట్టమధ్యాహ్నం, గాలి వీచే వరండా, నలుగురు పిల్లలు. వద్దంటే వద్దు.

టెంట్ హౌస్ బల్లలు ఎలా ఉంటాయో చూసే ఉంటారు. కాళ్లకు తుప్పు, అంచులకు ఎప్పటివో సాంబారు మరకలు. వాటిని దాచడానికి బజారుకు వెళ్లనక్కర్లేదు. చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. మీ మూడు బల్లల వరస పొడవూ సరిగ్గా అంతే. వెడల్పు నలభై అయిదు అంగుళాలు ఉంటుంది. బల్ల ఎత్తు ముప్పై అంగుళాలు పోగా, మిగిలిన పదిహేను అంగుళాలు బల్ల మీద పడతాయి. అంచు కిందికి వచ్చేలా ముందు వైపు జారవిడిచి, పైన పెళ్లి భోజనాల్లో పరిచే తెల్ల కాగితం చుట్ట పరిచి, క్లిప్పులు పెడితే కుచ్చెళ్లు లేకుండా తీరుగా నిలుస్తుంది. అత్తగారి పాత జరీ చీర ఒకటి అడగండి. ఎరుపో, ఆకుపచ్చో, పెద్ద అంచున్నది. మీ చీర కన్నా ఆవిడ చీర ఎందుకంటే, పని ఏమీ చేయలేకపోతున్నానన్న బాధతో కుర్చీలో కూర్చున్న మనిషికి, పంక్తి అంతా తన చీరే కనబడడం చిన్న విషయం కాదు.

పూలు గంటస్తంభం చుట్టుపక్కల బజారులో భోగి నాడు కొనాలంటే ధర చూసి వెనక్కి రావాలి. రెండు రోజుల ముందే బంతిపూలు రెండు కిలోలు తెచ్చి, తడిపి పిండిన గుడ్డలో చుట్టి నీడన పెట్టండి, వాడవు. బల్లల మీద పూలు పరచకండి. గిన్నెలు పెట్టే చోటా, అత్తగారి దగ్గరా, మధ్యలోనూ ఒక్కో ఇత్తడి చెంబు పెట్టి, అందులో పొట్టి కాడలతో బంతి, చేమంతి గుచ్చితే చాలు. అత్తవారి ఇంట్లో బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి చెంబులు ఉండే ఉంటాయి, శ్రీకాకుళం చుట్టుపక్కల పల్లెల్లో అవి లేని పాత ఇల్లు అరుదు. వాటిని తోమడానికి పొడి కొననక్కర్లేదు. పులిహోరకు గుజ్జు తీశాక మిగిలిన చింతపండు పిప్పి ఉందే, దానిలో గుప్పెడు ఉప్పు వేసి రుద్దండి. పులుపుకు చిలుము కరిగి, లోపలి పసుపు రంగు బయటపడుతుంది. వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవాలి. తడి అలాగే వదిలేస్తే గంటకల్లా మచ్చలు కడతాయి. మెరుస్తున్నాయి కదా అని వాటిలో పులుసు గానీ, పెరుగు గానీ పోయకండి, కళాయి లేని ఇత్తడిలో పులుపు నిలవ ఉంచకూడదు.

గుమ్మడికాయను భోగి రాత్రి వరకూ గుమ్మం పక్కన చెరుకు గడలకు ఆనించి పెట్టండి. తెల్లారి అదే పులుసులోకి పోతుంది. గుమ్మానికి మామిడాకుల తోరణం, వరండా చూరుకు ఒక వరికంకుల కుచ్చు. కుచ్చును పండుగ అయ్యాక కూడా తీయకండి, పిచ్చుకలు వస్తే వాటికి, రాకపోతే ఉడుతలకు. ప్లాస్టిక్ దండలు, థర్మకోల్ అక్షరాలు కొనాలని ఆవిడ పట్టుబడితే ఐదు వందలు అయిపోయాయని చెప్పండి.

ఫొటోల్లో ప్రతి పళ్లెం దగ్గరా పేరు రాసిన చీటీ ఉందని రాశారు. అది మంచి ఆలోచన, ఒప్పుకోండి. పిల్లలు నలుగురినీ కూర్చోబెట్టి, పెద్ద మామిడాకుల మీద చిక్కటి బియ్యప్పిండి ముద్దతో పుల్ల ముంచి రాయించండి. పేర్లు వద్దు, వరసలు రాయించండి: "తాతయ్య", "పెద్దమ్మ", "మామయ్య". అయితే మీ పాప రాసిన "మామయ్య" వేరు, ఆడపడుచు గారి బాబు రాసిన "మామయ్య" వేరు. ఎవరి ఆకు ఎవరిదని అరగంట తగువు నడుస్తుంది. ఆ అరగంటలో మీరు బూరెలు వేయడం ముగించుకోవచ్చు.

తోటికోడలికి అరటాకులు దొరక్కపోతే కంగారు వద్దు. పార్వతీపురం, సీతంపేట కొండల నుంచి వచ్చే అడ్డాకు విస్తర్లు బజారులో ఉంటాయి. కొనేటప్పుడు తిరగేసి చూడండి, వెనక ప్లాస్టిక్ పొర అతికించినవి కూడా వాటిలో కలిపి అమ్ముతున్నారు. ఈనెలతో కుట్టినవి తీసుకుని, వడ్డనకు అరగంట ముందు నీళ్లు చల్లి తడిగుడ్డ కింద దొంతరగా పెడితే మెత్తబడతాయి, పులుసు పోస్తే చిట్లవు. అరటాకులే వస్తే ముందు రోజు చుట్టి తడిగుడ్డలో ఉంచండి, వేసేటప్పుడు కొస ఎడమ చేతి వైపు రావాలి. ఇది మీకు తెలిసిందే, కానీ ఆకులు వేసేది మీ వారైతే చెప్పి పంపండి.

మిగిలిన గారెలు సాయంత్రానికి పెరుగులో వేసేయండి. పులిహోర రాత్రికి కూడా బాగుంటుంది. ఆకులు వీధి చివర ఆవులకు వేసేటప్పుడు క్లిప్పులు, కాగితం వాటిలో కలవకుండా చూడండి.

మర్నాటి కనుమ గురించి మీరేమీ అడగలేదు. మాంసం తేవడం, కడగడం, వండడం మూడూ బావగారికి వదిలేయండి. పల్లెలో ఏటా ఆ పని ఆయనదేనని మీరే రాశారు. మసాలా డబ్బా ఎక్కడుందో చూపించి వచ్చేయండి.